మూత మీద గరిటె

సాయంత్రం గిన్నెలు కడగడం అవగానే నేను చేతులు తుడుచుకుని టీవీ గదిలోకి వెళ్లేదాన్ని. మా ఆయన జెనాన్ అప్పటికే సోఫాలో ఓ మూలకు జరిగి నాకు చోటు ఉంచేవాడు. బల్ల మీద రెండు గ్లాసుల టీ, వాటి పక్కన ఒక వెన్న డబ్బా. డబ్బాలో వెన్న ఉండేది కాదు. మూతకు సెగ పోవడానికి రంధ్రాలు పొడిచి, లోపల అరచేతిలో ఇమిడిపోయే ఒక చిన్న కంప్యూటర్ బోర్డును కూర్చోబెట్టాడు. ఒక తీగ టీవీకి, ఇంకో తీగ ఫోను చార్జరుకి. ఆ బోర్డు సినిమాలు ఆడిస్తుంది. ఆడించడం దానికి అప్పుడప్పుడే వస్తోంది గనక రోజూ పరీక్ష. ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ బొమ్మ ఆకుపచ్చగా మారింది, ఎక్కడ గొంతు గరగరమంది అని జెనెక్ చూసేవాడు, నన్నూ చూడమనేవాడు. అతన్ని అందరం జెనెక్ అనే పిలిచేవాళ్లం.

ఇప్పుడూ ఆ వేళకు వెళ్లి కూర్చుంటాను. సోఫా మొత్తం ఖాళీయే అయినా నా చివరే నాకు అలవాటు, నడిమికి జరగలేకపోతున్నాను. టీ ఒక గ్లాసు. టీవీ పెట్టగానే తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. కొత్త ప్రోగ్రాము వచ్చింది, ఎక్కించాలా అని. కింద రెండు మాటలు, 'ఇప్పుడే', 'తరువాత'.

రేపు సకల పునీతుల పండుగ. సమాధుల దగ్గర దీపాలు పెట్టాక అందరూ మా ఇంటికే వస్తారు. వాళ్లు వచ్చేలోపు 'ఇప్పుడే' అన్నది నొక్కి ఉంచమని జెనెక్ స్నేహితుడు ఇగ్నాసీ పొద్దున చెప్పి వెళ్లాడు. నొక్కడానికి ఒక్క వేలు చాలు. అయినా పొద్దుటినుంచి ఆ పని నా మీద బరువుగా కూర్చుని ఉంది. అది ఎందుకో తెలియాలంటే జెనెక్ ఎలాంటివాడో తెలియాలి.

జెనెక్ టీవీలు బాగుచేసేవాడు. మా సొకూవ్కా ఊళ్లో రైల్వే స్టేషనుకు వెళ్లే దారిలో ప్రభుత్వ మరమ్మతు దుకాణం ఉండేది. అందులో కిటికీ పక్క బల్ల అతనిది, దాని ఎదురు బల్ల ఇగ్నాసీది. బాగుచేసిన పెట్టెను జెనెక్ వెంటనే ఇచ్చేవాడు కాదు. ఒక పూటంతా ఆడించి, మధ్యమధ్యలో చెంప మీద కొట్టినట్టు దాని పక్కన ఒక్కటిచ్చి, అప్పటికీ బొమ్మ చెదరకపోతే 'సరే' అనేవాడు. అతను సరే అన్న పెట్టె తిరిగి దుకాణానికి వచ్చిందని నేను వినలేదు.

ఆ 'సరే' అనడానికి కూడా సమయం పట్టేది. జెనెక్‌ను ఏదైనా అడిగితే ముందు నోరు తెరుచుకునేది. కాసేపు అలా తెరిచే ఉండేది. తరువాత మాట వచ్చేది. నత్తి కాదు, వచ్చిన మాట చక్కగానే వచ్చేది, ఆలస్యంగా వచ్చేది అంతే. పెళ్లిలో ఫాదర్ గారు ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని అడిగినప్పుడు కూడా నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వెనక వరసలో మా పిన్ని, "వద్దంటాడు కాబోలు" అని గొణగడం నాకు వినబడింది. జెనెక్ మాట బ్యావిస్తోక్ పట్నం నుంచి ప్యాసింజర్ బండిలో వస్తుందని, ప్రతి స్టేషన్లోనూ ఆగుతుందని ఇగ్నాసీ ఎగతాళి చేసేవాడు.

తరువాత జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేశారు. పాడైతే కొత్తది తెచ్చుకోవడమే. దుకాణం మూసేశారు, అక్కడ ఇప్పుడు వాడిన బట్టలు తూకం వేసి అమ్ముతున్నారు. ఇగ్నాసీ పని వెతుక్కుంటూ జర్మనీ వెళ్లి కొన్నేళ్లు ఉండి, ఆ భాష నేర్చుకుని వచ్చాడు. జెనెక్ ఎక్కడికీ వెళ్లలేదు. మా భవనంలో మా మెట్ల దారిలో ఉన్నవాళ్ల ఇస్త్రీ పెట్టెలూ, మిక్సీలూ చూసి పెట్టేవాడు. మెల్లగా అవి కూడా రావడం తగ్గింది. ఒకరోజు కింది అంతస్తు క్లోటిల్డా తన టీవీని చెత్తకుండీ పక్కన పెట్టించింది. జెనెక్ రొట్టె కొనడానికి వెళ్తూ దాన్ని చూశాడు. నేను వంటింటి కిటికీ లోంచి చూస్తూనే ఉన్నాను, రొట్టె మాట మరిచిపోయి దాని ముందు నిలబడ్డాడు. వంగి వెనకవైపు చెయ్యి పెట్టి తడిమాడు. రొట్టె లేకుండానే పైకి వచ్చాడు. ఆ చలికాలమంతా కిటికీ దగ్గరే కూర్చున్నాడు. అతనికి లేనిది పని ఒక్కటే కాదు, అతను సరే అంటే సరేనని నమ్మే మనిషే ఎవరూ లేకుండా పోయారు.

అలాంటప్పుడు ఇగ్నాసీ ఆ బోర్డు పట్టుకొచ్చాడు. సబ్బు పెట్టెకన్నా చిన్నది. బల్ల మీద పెట్టి, "ఒరే జెనెక్, ఇది సినిమా ఆడిస్తుందట. ఆడించడం లేదు. నీకోసమే పుట్టినట్టుంది," అన్నాడు.

దానిలోని ప్రోగ్రాము ఏ కంపెనీదో కాదట. దేశదేశాల్లో కొందరు తమ ఇళ్లలో కూర్చుని, సరదాకి రాస్తున్నారట. వాళ్లలో పెద్ద డెట్లెఫ్ అనే జర్మన్ ఆయన. రాసినదాన్ని ఎవరైనా ఆడించి చూసి, తప్పులు చెప్పాలి. జెనెక్ చూస్తాడు, ఇగ్నాసీ దాన్ని జర్మన్‌లో రాసి పంపుతాడు. అలా ఒప్పందం కుదిరింది.

మొదట్లో అది ఊరికే ఆగిపోయేది. చార్జరు బలం చాలట్లేదని కనిపెట్టి జెనెక్ వేరే చార్జరు పెట్టాడు. తరువాత తెర కింద వచ్చే మాటల్లో చిన్న చిన్న చదరాలు పడటం మొదలైంది. మా అక్షరాలు కొన్నిటికి తోకలుంటాయి, కొన్నిటికి నెత్తిన గీతలుంటాయి. ఆ అక్షరం రావలసిన చోటల్లా ఖాళీ గడి. ఆ మాటలు నేను చదివేలోపే మారిపోతాయి గనక నాకు ఏ తేడా తెలియలేదు. జెనెక్ మాత్రం ఏ అక్షరానికి గడి పడుతోందో చూసి చెప్పాడు. డెట్లెఫ్ దాన్ని సరిచేసి, సాయం చేసినవాళ్ల పేర్లలో 'జెనాన్, సొకూవ్కా' అని చేర్చాడు. తెర మీద ఆ పేరు కనబడగానే జెనెక్ బొమ్మను అక్కడే ఆపి, నన్ను పిలిచి, చదవమన్నాడు. చదివాను. తడిగుడ్డ తెచ్చి తెర తుడిచి మళ్లీ చదవమన్నాడు.

ఆనాటినుంచి పరీక్షకు కూర్చునే ముందు గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఎవరికోసమని? డెట్లెఫ్‌కు ఎటూ కనబడదు. దుకాణానికి వెళ్లేటప్పుడు గీసుకునేవాడు, ఇప్పుడూ గీసుకున్నాడు.

కొన్నాళ్లకు డెట్లెఫ్ జెనెక్‌ను పేరు పెట్టి అడిగాడు. గొంతు వచ్చే దారి మార్చామని, బొమ్మకన్నా గొంతు వెనకబడుతోందేమో అనుమానంగా ఉందని, జెనాన్ చూసి సరే అంటే అందరికీ ఇచ్చేస్తానని. జెనెక్ చాలా సాయంత్రాలు చూశాడు. యుద్ధం సినిమా, దొంగల సినిమా, ఇద్దరు ప్రేమించుకుని విడిపోయే సినిమా. నేనూ పక్కనే ఉన్నాను. అంతా బాగుంది. చివరికి జెనెక్ నోరు తెరిచి, ఆగి, సరే అన్నాడు. ఇగ్నాసీ రాశాడు. డెట్లెఫ్ ప్రోగ్రామును లోకానికి ఇచ్చేశాడు.

ఇచ్చిన వెంటనే నలుమూలల నుంచీ తిట్లు మొదలయ్యాయి. ముందు పెదవులు కదులుతున్నాయి, తరువాత మాట వస్తోంది, ఇది ఎవరు పరీక్షించారు అని. ఇగ్నాసీ ముఖం వేలాడేసుకుని వచ్చి, డెట్లెఫ్ ఒకటే అడుగుతున్నాడన్నాడు. జెనాన్ పెదవులు చూడలేదా అని.

జెనెక్ నోరు తెరుచుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"పెదవులా? పెదవులు ఎందుకు చూస్తారు?"

ఇగ్నాసీ నుదురు కొట్టుకున్నాడు. జర్మనీలో అన్నాళ్లున్నవాడు, తనకైనా తట్టలేదు. అక్కడ పరాయి సినిమా వస్తే ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క మనిషి గొంతు ఇస్తాడు, పెదవికి తగినట్టు మాట కూరుస్తాడు. మాకు అలా కాదు. చిన్నప్పటినుంచీ ఒకే మగాయన, వార్తలు చదివినట్టు, అందరి మాటలూ చదువుతాడు. అడుగున అసలు గొంతులు సన్నగా వినబడుతూ ఉంటాయి, పైన ఈయన కాస్త వెనకగా చదువుకుపోతూ ఉంటాడు. నాయికకూ ఆయనే, విలన్‌కూ ఆయనే. పెదవికీ మాటకూ పొత్తు ఉంటుందని మా వీధిలో ఎవరు మాత్రం అనుకున్నారు? జెనెక్ పరీక్షించిన సినిమాలన్నీ ఆయన చదివినవే.

ఇగ్నాసీ ఇదంతా రాసి పంపితే డెట్లెఫ్ మొదట హాస్యం అనుకున్నాడట. ఒకే మగవాడా, పెళ్లికూతురు ఏడ్చినప్పుడు కూడానా అని అడిగాడట. పెళ్లికూతురికీ, అత్తగారికీ, ఉయ్యాల్లో పిల్లకూ ఆయనే, కుక్కను మాత్రం స్వయంగా మొరగనిస్తారు అని ఇగ్నాసీ జవాబిచ్చాడట. అది చెప్తూ మమ్మల్ని నవ్వించాలని చూశాడు. నేను కాస్త నవ్వాను. జెనెక్ నవ్వలేదు.

డెట్లెఫ్ మర్యాదస్థుడే. తప్పు నాదే, ఏ సినిమాతో చూస్తున్నారో అడగాల్సింది అన్నాడు. కానీ ఆ తరువాత కొత్త ప్రోగ్రాములు అందరికీ వచ్చినట్టు మాకూ వచ్చాయి తప్ప, జెనాన్ చూశాడా అనే మాట మళ్లీ రాలేదు. జెనెక్ గడ్డం పెరిగింది. అన్నం దగ్గర సగంలో చెంచా ఆపేసేవాడు.

"వాడు నా మాట నమ్మి జనానికి ఇచ్చాడు, రెనియా."

నేను రెగీనాను, అతను రెనియా అనేవాడు. పోనీలే, సినిమాలే కదా అని ఓదార్చబోయాను. ఆ మాట ఇంకా నొప్పించిందని వెంటనే తెలిసింది, పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

తరువాత అతను పెదవులు చూడటం నేర్చుకున్నాడు. చదివే ఆయన లేని సినిమాలు ఇగ్నాసీ దగ్గర తెచ్చుకుని, తెరకు అంగుళం దూరంలో కుర్చీ వేసుకుని చూసేవాడు. టీవీ లేనప్పుడు నా నోరు చూసేవాడు. సంతలో కోడిగుడ్ల ఆమెతో మాట్లాడుతుంటే ఆమె నోరు చూశాడు, ఆమె ముఖం తిప్పుకుంది. ఒకరోజు భోజనం దగ్గర, "ఏమిటలా చూస్తావు, పళ్లు లెక్కపెడుతున్నావా? పైవరసలో రెండు కట్టుడువి, కలుపుకో," అన్నాను. అప్పుడు సిగ్గుపడి పళ్లెంలోకి చూశాడు.

పెదవులు చూడటం వచ్చినా తన కన్ను మీద అతనికి నమ్మకం రాలేదు. ఎవరి కన్నూ పొరబడలేనిది ఒకటి కావాలన్నాడు. జెనెక్ ఇగ్నాసీ దగ్గర కెమెరా అరువు తెచ్చి నా చేతిలో పెట్టి, తను వంటింటి బల్ల ముందు కూర్చున్నాడు. ఎడమ చేతిలో అంచు పెచ్చులూడిన నా నీలం పింగాణీ మూత, కుడి చేతిలో గరిటె. ఒకటి అని ఒక దెబ్బ, రెండు అని ఒక దెబ్బ. గరిటె తగిలినప్పుడే మూత మోగాలి, అంతే, ఇందులో భాష లేదు, చదివే ఆయన లేడు. ఆ మూత పొయ్యి మీది బీట్‌రూట్ పులుసుది. మూడు అనబోతూ అతను నా వెనక్కి చూశాడు. నోరు తెరుచుకుంది.

"రెనియా, పులుసు పొంగుతోంది."

"నువ్వు చెప్పేలోపు పొంగి, కారి, ఎండిపోయింది కూడా," అన్నాను. కెమెరా పొయ్యి వైపు తిరిగింది. అక్కడితో ఆగిపోయింది. మళ్లీ తీద్దామంటే వద్దన్నాడు, రెండు దెబ్బలు చాలన్నాడు.

డెట్లెఫ్ నుంచి జవాబు తెచ్చిన రోజున ఇగ్నాసీ మెట్లెక్కుతూనే నవ్వుతున్నాడు. లోపలికి వచ్చి కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. మేం తీసి పంపిన ఆ సినిమా ముక్క చాలా బాగుందట, గొంతు ఎంత వెనకబడుతోందో దీనితో కొలవగలిగానని డెట్లెఫ్ రాశాడట. ఒక్క సందేహం మాత్రం ఉందట. మూత చప్పుడు కొంచెమే ఆలస్యం, కానీ ఆ మనిషి మాట అంతకన్నా చాలా ఆలస్యం. ఇవి రెండు వేరు వేరు తప్పులా?

"రెండోది మిషన్ తప్పు కాదని రాశాను. అది వాళ్లమ్మ ఇచ్చింది, ఎంతమంది చూసినా బాగుకాలేదని రాశాను," అన్నాడు ఇగ్నాసీ.

జెనెక్ నవ్వాడు. ఎన్నో నెలల తరువాత. నవ్వు మాత్రం ఎప్పుడూ ఆలస్యంగా రాలేదు అతనికి.

డెట్లెఫ్ చివర ఒక మాట రాశాడు. ఇకనుంచి ప్రతి కొత్త ప్రోగ్రామునూ జెనాన్ ఈ మూతతో చూడాలి, గరిటె, మోత కలిశాయని జెనాన్ అనేదాకా దీన్ని అందరికీ ఇవ్వను అని. మర్నాడు జెనెక్ గడ్డం గీసుకున్నాడు.

ఆ శీతాకాలమంతా మాకు అదే సినిమా. ప్రోగ్రాము ఎక్కించడం, గరిటె, మూత, పులుసు. ఒకసారి మరీ ఆలస్యమయ్యేది, ఒకసారి దగ్గరికి వచ్చేది, వచ్చిందనుకుంటే బొమ్మ ఆగిపోయేది. పొంగిన ఆ పులుసును ఎన్నిసార్లు చూశానో, నిజం పులుసు వండటం మీదే విసుగొచ్చింది. అయినా గిన్నెలు కడగ్గానే వెళ్లి కూర్చునేదాన్ని. ఇంకా కలవలేదు కదా అని నేనంటే, ఇంకా కలవలేదు అని కాసేపటికి అతను అనేవాడు.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం వంటకు బంగాళాదుంపలు లేవన్నాను. జెనెక్ అప్పుడే కొత్త ప్రోగ్రాము ఎక్కించి ముక్క మొదలుపెట్టాడు. బొమ్మ ఆపేసి బుట్ట తీసుకున్నాడు. వచ్చాక చూద్దాం, ఈసారి ఇంకాస్త దగ్గరికి వచ్చినట్టుంది అని కింద నేలమాళిగలోని మా కొట్టుగదికి వెళ్లాడు. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. అవి అయిపోయాయి, క్యారెట్లు కూడా అయిపోయాయి. పైకి వచ్చింది క్లోటిల్డా. గుమ్మంలో నిలబడి చేతులు పిసుక్కుంటోంది. నేను కిందికి వెళ్లేసరికి జెనెక్ బంగాళాదుంపల పెట్టె పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, బుట్ట సగం నిండి ఉంది. గుండె అన్నాడు డాక్టరు. అందరూ వెళ్లాక టీవీ గదిలోకి వస్తే, తెర మీద గరిటె ఇంకా గాలిలోనే ఉంది.

దాన్ని నేను చాలాకాలం ముట్టుకోలేదు. డబ్బా మీద గుడ్డ కప్పాను. ఇగ్నాసీయే డెట్లెఫ్‌కు కబురు రాశాడు. వేసవి అయిపోతుండగా మళ్లీ వచ్చి, తప్పు దొరికింది, సరిచేశారు అన్నాడు. కొత్త ప్రోగ్రాముతో పాటు వచ్చే మాటల్లో మొదటి వరుసలోనే డెట్లెఫ్ రాశాడట, జెనాన్ మూతా గరిటే కలిశాయి అని. తన బోర్డులో ఇగ్నాసీ వేసి చూశాడు. తగలగానే మోగుతోందట. నోరు మాత్రం ఎప్పటిలాగే.

అప్పుడు గుడ్డ తీశాను. మా డబ్బాలో ఉన్నది ఆ సాయంత్రం జెనెక్ ఎక్కించిన పాత ప్రోగ్రామే. ఆనాటినుంచి రోజూ పెడుతున్నాను, రోజూ ఆ ప్రశ్న వస్తోంది.

ఈ పొద్దున ఇగ్నాసీ చామంతి కుండీలూ దీపాలూ తెచ్చి గుమ్మంలో పెట్టాడు. రిమోట్ అందుకోబోతుంటే నేనే నొక్కుతాను లెండి అన్నాను. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రెనియా గారూ, ఇది వాడి పని. దీనికోసమే కదా వాడు అన్ని రోజులు కూర్చున్నాడు. వాడు చూడలేదు, రేపు మనమన్నా అందరం కలిసి చూద్దాం."

ముక్క పోతుందా అని అడిగాను. జెనెక్ ముక్క ఎక్కడికీ పోదు, పాత ప్రోగ్రామే పోతుంది, అది ఇక తిరిగి రాదు, దాంతో ఎవరికేం పని అన్నాడు. ఎక్కుతున్నప్పుడు కరెంటు ఆపవద్దని రెండుసార్లు చెప్పాడు. మెట్ల మీద కూడా ఆగి ఇంకోసారి చెప్పాడు.

అతను చెప్పింది న్యాయమే. జెనెక్ ఉంటే పొద్దునే గడ్డం గీసుకుని నొక్కేసేవాడు.

పగలంతా పని చేశాను. సమాధి రాయి బ్రష్షుతో రుద్దాను, ఆకులు ఏరాను, చామంతులు అటూ ఇటూ సర్దాను. ఇంటికి వచ్చి గ్లాసులన్నీ తుడిచాను, బల్ల మీద తెల్ల గుడ్డ పరిచాను, రేపటికి బంగాళాదుంప రొట్టె కలిపి ఓవెన్‌లో పెట్టాను. ఇక మిగిలింది ఒక్కటే. చేతులు తుడుచుకుని సోఫాలో నా చివర కూర్చున్నాను.

ప్రశ్న వచ్చింది. 'ఇప్పుడే', 'తరువాత'. దేన్నీ నొక్కలేదు. కాసేపు చూసి అదే పోయింది. ముక్క పెట్టాను.

ఒకటి అన్నాడు జెనెక్. గరిటె మూతకు తగిలింది. మోత ఇంకా రాలేదు. ఆ కాస్తలో నేను చేసేది ఏమీ లేదు, కూర్చుని ఉంటాను. మోగింది. రెండు. తగిలింది. మోగింది. ఇంకా కలవలేదు. కలిసిన రోజున ఈ పరీక్ష అయిపోతుంది, గిన్నెలు కడిగాక ఈ గదిలోకి రావడానికి నాకు ఇంకో కారణం లేదు.

రేపు ఇగ్నాసీ అడుగుతాడు. జెనెక్ అయినా అడిగేవాడే, ఎందుకు ఎక్కించలేదు రెనియా, డెట్లెఫ్ ఎదురుచూస్తున్నాడు అని. ముందు నా నోరు తెరుచుకుంటుంది, మాట రావడానికి సమయం పడుతుంది. రిమోట్‌ను వెన్న డబ్బా మీద పెట్టి, రొట్టె మాడుతున్న వాసన వస్తే వంటింట్లోకి వెళ్లాను.